పరుల కొలబద్దతో మన పాట

ఒక పాట మఱియొక పాటను పోలియున్నదా లేదా యని తీర్పు చెప్పు అధికారము ఎవరిది? పాడినవానిదా, విన్నవానిదా, లేక వారిరువురితోను సంబంధము లేక ఎచ్చటనో కూర్చుండి యంత్రమును నిర్మించినవానిదా? ఇది పండితగోష్ఠికి తగిన ప్రశ్నయని తలచి కొందఱు పాఠకులు పుట త్రిప్పివేయవచ్చును. త్రిప్పవలదని మా మనవి. నేడు మన యిండ్లలో ఫోనునందు ఒక కీర్తన ముగియగనే వెంటనే ఏ పాట మ్రోగవలెనో నిర్ణయించుచున్నవాడు గాయకుడు కాడు; రేడియో కేంద్రమందలి ఉద్యోగి కాడు; పెక్కుమాఱులు వినువాడును కాడు. ఈ పాటకు ఆ పాట దగ్గఱ, ఆ పాటకు ఈ పాట దూరము అని లెక్కగట్టిన కంప్యూటరు నిర్ణయించుచున్నది. ఆ దూరమును కొలిచిన బద్ద ఏది? ఆ బద్దమీద గీతలు గీసిన చెవులు ఎవరివి?

మా వాదమును ఆదిలోనే చెప్పెదము. పాటల సాదృశ్యమును గణితముచేత పట్టుకొను శాస్త్రము నింద్యము కాదు. అది గొప్ప శాస్త్రము. కాని అందు కొలువబడుచున్న వస్తువు రాయి కాదు, రప్ప కాదు, గ్రహగతి కాదు, వినువాని మనస్సు. ఆ మనస్సు ఏ నేలమీద పెరిగినదో ఆ నేల సంగీతముచేత తీర్చబడినది. కావున కొందఱి చెవులను అడిగి గీసిన బద్దను అందఱి పాటలమీదను పెట్టుట అన్యాయము. ఆ అన్యాయము సాగుటకు పరులకన్న మన ఉదాసీనతయే హెచ్చు కారణమనియు చెప్పక తప్పదు.

ముందు యంత్రము వినెడి తీరు ఎట్టిదో చూతము. పాటనుండి ముప్పది సెకనుల తునుక నొకదానిని కోసి తీసికొందురు. దానిని మఱల సెకనులో నలువదవ వంతు పాటి ముక్కలుగా తఱుగుదురు. ఒక్కొక్క ముక్కలో ఏ స్థాయిని ఎంత నాదమున్నదో కొన్ని అంకెలలోనికి దింపుదురు. ఈ అంకెల వెనుక చిన్న చరిత్ర కలదు. 1937లో అమెరికాలో స్టీవెన్సు మొదలగు మువ్వురు శాస్త్రజ్ఞులు శ్రోతలను కూర్చుండబెట్టి, ఒక స్వరము మఱియొక స్వరమునకు ఎంత ఎత్తున తోచుచున్నదో అడిగి, ‘మెల్’ అను కొలత నేర్పఱచిరి. 1980లో డేవిస్, మెర్మెల్‌స్టైన్ అనువారు మాటలను గుర్తించు యంత్రముకొఱకు ఆ కొలతపై ఒక లెక్క కట్టిరి. 2000 సంవత్సరమున, సంగీత సమాచార శోధనమునకై అమెరికాలోని ప్లిమత్ నగరమున జరిగిన మొదటి అంతర్జాతీయ సభలో, బెత్ లోగన్ అను పరిశోధకురాలు ఆ లెక్కయే సంగీతమునకును పనికివచ్చునా యని విచారించెను. పనికివచ్చునని తోచెను. అటుపిమ్మట చాల సంవత్సరములు పాటల పోలిక యనగా ఈ అంకెల పోలికయే. మాటాడు గొంతుకకై కుట్టిన చొక్కాను పాటకు తొడిగిరి. కొంతవఱకు సరిపోయినది కూడ. ఎందుచేతననగా నాదము యొక్క రంగు, అనగా ఇది వీణయా, వేణువా, స్త్రీ కంఠమా, పురుష కంఠమా యను భేదము, ఆ అంకెలలో చక్కగా పట్టుబడును.

పట్టుబడనిది ఏది? క్రమము. ఆ ముక్కలన్నిటిని ఒక సంచిలో పోసి కుదిపి, మొత్తముమీద అంకెలు ఎట్లు వ్యాపించియున్నవో చూచుటయే ఆనాటి పద్ధతి. ముక్కలను ఏ వరుసన పోసినను లెక్క మాఱదు. ఒక సీసపద్యమును అక్షరములుగా విడదీసి మానికతో కొలిచి, దీనిలో ‘క’లు ఇన్ని, ‘ల’లు ఇన్ని, కావున ఇది ఆ పద్యమును పోలియున్నది యని చెప్పినవానిని మనము ఏమందుము? కవిత్వము తెలియనివాడందుము. రాగము క్రమమే గదా! ఆరోహణ మొకటి, అవరోహణ మొకటి, ఏ స్వరముపై నిలువవలెనో, దేనిని తాకి విడువవలెనో, దేనిని ఊచవలెనో చెప్పు నడకయే రాగము. నడకను తీసివేసి పాదముల బరువు తూచినయెడల మనిషి ఎవరో తెలియునా?

సంగీతముతో కొలదిపాటి పరిచయమున్నవారందఱు ఎఱిగిన ఉదాహరణ మొకటి చెప్పెదము. ఆరభి, దేవగాంధారి అను రెండు రాగములు కలవు. రెండును ధీరశంకరాభరణ జన్యములు. రెంటికిని ఆరోహణమున గాంధార నిషాదములు లేవు, అవరోహణము సంపూర్ణము. కాగితముమీద వ్రాసిన ఒకటే. త్యాగరాజస్వామి ‘సాధించెనే’ ఆరభియందును, ‘క్షీరసాగర శయన’ దేవగాంధారియందును ఉన్నవి. ఆ రెంటిని విన్నవాడెవడైనను అవి ఒకటేయని అనగలడా? ఒకటి చురుకుగా, గమకముల భారము లేక, గాంధార నిషాదములను రెప్పపాటున తాకి సాగిపోవును. మఱియొకటి తీరుబడిగా, స్వరమును ఊచుచు, జాలిగా దిగివచ్చును. ఇప్పుడు ఒకే గాయకుడు పాడిన ఆరభి ఆలాపన మొకటి, ఆయనయే పాడిన దేవగాంధారి ఒకటి, వాయులీనముపై వాయించిన ఆరభి ఒకటి, ఈ మూటిని ముందుంచి ‘వీనిలో పొసగనిది ఏది?’ యని అడుగుడు. నాదపు రంగును మాత్రమే చూచు యంత్రము వాయులీనమును వేఱుచేయును. రాగమెఱిగిన రసికుడు దేవగాంధారిని వేఱుచేయును. ఇద్దఱిలో ఎవరు తప్పు? ఎవరును కారు. ‘దేని విషయమున పోలిక?’ అను ప్రశ్నకు ఇద్దఱును వేఱువేఱు ఉత్తరములు ఊహించుకొనిరి. యంత్రమునకు ఆ ప్రశ్న యున్నదనియే తెలియదు, అక్కడనే చిక్కు.

ఈ ప్రశ్న మనవారికి క్రొత్త కాదు. ఆలంకారికులు ఉపమను చెప్పినప్పుడు ఉపమేయము, ఉపమానము అని రెంటితో ఊరకుండక సాధారణధర్మమును గూడ అడిగిరి. ముఖము చంద్రునివలె నున్నదన్న కాంతియందా, వర్తులత్వమునందా యని తేలకున్న అది హాస్యమగును. అడవిలో గవయమును చూచినవాడు ఇది ఆవువలె నున్నదని గ్రహించుట ఎట్టి జ్ఞానమో నైయాయికులును మీమాంసకులును తరతరములు వాదించుకొనిరి. ప్రాభాకరులు సాదృశ్యమును ప్రత్యేక పదార్థముగనే లెక్కించిరి. పడమట 1977లో ఎమాస్ ట్వెర్‌స్కీ అను మనశ్శాస్త్రజ్ఞుడు, మనుష్యుల పోలిక ఇరుప్రక్కల సమానము కాదని ప్రయోగములచేత చూపెను. కొడుకు తండ్రి పోలిక యందుము గాని తండ్రి కొడుకు పోలిక యని అనము గదా! యంత్రము కొలుచునది దూరము. బెజవాడనుండి గుంటూరెంతయో గుంటూరునుండి బెజవాడయు అంతయే. శిష్యుని పాట గురువు పాటను పోలియున్నదనుటలో గల సారము ఆ మైళ్ల లెక్కలో ఇమడదు.

పైన చెప్పిన సంచి పద్ధతి నేడు పాతబడినదనియు, ఇప్పటి యంత్రములు లక్షలకొలది పాటలు విని తామే నేర్చుకొనుచున్నవనియు కొందఱు మమ్ము ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని దేనినుండి నేర్చుకొనుచున్నవి? ఒకరు విన్న పాటలను మఱియెవరు విన్నారో ఆ జాబితాలనుండియు, మనుష్యులు పాటలకు తగిలించిన పేళ్లనుండియు, మనుష్యులు ‘ఇది దానివలె నున్నది’ అని ఇచ్చిన మార్కులనుండియు నేర్చుకొనుచున్నవి. కావున యంత్ర మెంత తెలివిమీఱినను ప్రశ్న మఱల మనుష్యుల చెవికడకే వచ్చినది. ఆ చెవులను ఇప్పుడు విచారింతము.

అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు 2005 నుండి ఏటేట ఒక పోటీ నడపిరి. ప్రపంచమందలి పరిశోధకులు తమతమ యంత్రములను పంపుదురు. 2006లో పాటల సాదృశ్యమును అందు ఒక పరీక్షగా చేర్చిరి. ఒక పాటకు దగ్గఱవని యంత్రము ఏరిన పాటలను శ్రోతలకు వినిపించి, ఎంత పోలియున్నవో మార్కులు వేయుమనిరి. ఆ శ్రోతలు పెక్కురు ఆ పరిశోధకవర్గమునుండియే స్వచ్ఛందముగ వచ్చినవారు. అట్టివారిలోనైనను ఏకాభిప్రాయ మున్నదా? వియన్నా నగరమందలి ఆర్థర్ ఫ్లెక్సర్ అను పరిశోధకుడు 2014లో ఆ మార్కులను తిరుగదోడి, ఒకే జతపాటలను విన్న మువ్వురి తీర్పులు మిక్కిలి తక్కువగా కలియుచున్నవని చూపెను. మనుష్యులే తమలో తాము అంగీకరింపనప్పుడు యంత్రము వారి నందఱిని మెప్పించుట అసంభవము; ఆ మేర దాటి ముందునకు పోవుటకు దారి లేదు; ఉత్తమ యంత్రములు 2009 నాటికే ఆ మేరను తాకినవి. ఇది ఆయన నిర్ణయము. నిర్మొగమాటముగ చెప్పినందుకు ఆయనను అభినందింపవలెను. కాని మాకు తోచునది ఇంకొకటి కలదు. ఒకరి తీర్పు ఒకరితో కలియకపోవుటను లెక్కలో దొర్లిన మురికిగా భావించి సగటు తీసి తుడిచివేయుచున్నారు. ఆ భేదములోనే అసలు సంగతి ఉన్నది. ఎవడు ఏది విని పెరిగినాడో అడుగక, మువ్వుర మార్కులను కూడి మూటితో భాగించిన వచ్చునది ఎవని చెవియు కాని చెవి.

పెంపకమునుబట్టి చెవి మాఱునా? మాఱునని సాక్ష్యములు కలవు. 1984లో కాస్టెలానో, భరూచా, క్రుమ్‌హాన్సల్ అనువారు పది ఉత్తరహిందూస్థాన రాగములను భారతీయ శ్రోతలకును పాశ్చాత్య శ్రోతలకును వినిపించి, వెంటనే ఒక్కొక్క స్వరమును మ్రోగించి, ఇది ఆ రాగమునకు ఎంత చక్కగ పొసగుచున్నదని అడిగిరి. ఏ స్వరము హెచ్చుగా మ్రోగినదో దానికి ఇరువర్గములవారును పెద్దపీట వేసిరి. అంతమట్టునకు చెవి అందఱిదియు ఒకటే. కాని రాగమునకు ఆధారమైన థాటు, అనగా వెనుక నిలిచిన స్వరమేళనము, భారతీయుల తీర్పులలో మాత్రమే కనబడెను. మ్రోగినది ఇద్దఱికిని వినబడినది. మ్రోగినదాని వెనుకనున్నది పుట్టి పెరిగినవానికే వినబడినది. 2024లో 15 దేశములందలి 39 జనవర్గములపై జేకబీ మొదలగువారు ప్రకటించిన లయపరిశోధనమును ఇట్టిదే. సరళమైన నిష్పత్తుల లయలవైపు మొగ్గుట అన్ని తావులను ఉన్నది; ఏ నిష్పత్తులు అను విషయము తావునుబట్టి మాఱినది. సంగీతము విశ్వభాష యని సభలలో ఉపన్యసించువారు ఈ రెండు పరిశోధనములను చదువుదురు గాక.

సరి, ఆ చెవులు ఏ పాటలను విన్నవి? 2002 ప్రాంతమున జార్జి జానెటాకిస్ కూర్చిన పాటల కోశము ఈ విద్యకు చాలకాలము ఓనమాలపలకగా ఉండెను. వేయి తునుకలు, పది తెగలు: బ్లూస్, క్లాసికల్, కంట్రీ, డిస్కో, హిప్‌హాప్, జాజ్, మెటల్, పాప్, రెగే, రాక్. భరతఖండము ఊసు లేదు. ఆయన తన అక్కఱకు తనకు దొరికినది కూర్చుకొనెను, తప్పులేదు. దానినే జగత్తుగా భావించిన తరువాతివారిది తప్పు. ఆ కోశమునందు ఒకే పాట రెండుమాఱులు చేరుట, తెగ తప్పుగా వ్రాయుట మొదలగు లోపములను బాబ్ స్టర్మ్ అను పరిశోధకుడు వెలికిదీసెను. ఆయనయే 2014లో ఈ యంత్రములను ఒక గుఱ్ఱముతో పోల్చెను. బెర్లినులో హాన్స్ అను గుఱ్ఱ ముండెడిది. కూడికలు, తీసివేతలు అడిగిన డెక్కతో తట్టి ఉత్తరము చెప్పెడిది. జనము విరగబడి చూచెడివారు. 1907లో ప్ఫుంగ్‌స్ట్ అను విద్వాంసుడు పరీక్షింపగా, గుఱ్ఱమునకు గణితము రాదు, అడిగినవాని ముఖకవళికలను చూచి తట్టుట మానుచున్నదని తేలెను. మన యంత్రమును ఉత్తరము సరిగ చెప్పినంతమాత్రమున పాటను విన్నదని నమ్మరాదు. ఏమి చూచి చెప్పినదో క్రాస్ పరీక్ష చేయవలెను. న్యాయస్థానములలో నల్లకోటు తొడిగినవారికి ఈ నీతి ఒకరు చెప్పనక్కఱలేదు.

న్యాయస్థానముల ప్రసక్తి వచ్చినది గనుక అక్కడ ఈ సాదృశ్యము ఎట్టి చిక్కులు తెచ్చుచున్నదో చెప్పవలసియున్నది. పాటను దొంగిలించిరన్న వ్యాజ్యములలో అమెరికా న్యాయస్థానములు 1946 నాటి ఆర్న్‌స్టీన్ కేసునుండి సామాన్య శ్రోత చెవిని ప్రమాణముగ గ్రహించుచున్నవి. 2015లో లాస్ ఏంజిలిసు జ్యూరీ ‘బ్లర్‌డ్ లైన్స్’ అను పాట మార్విన్ గే పాటకు అనుకరణమని లక్షల డాలర్ల నష్టపరిహారము విధించెను; ఆ పాటల పోలిక స్వరమునందుకన్న ఊపునందు, వాతావరణమునందు హెచ్చని సంగీతకారులు గగ్గోలు పెట్టిరి. మన సుప్రీముకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసునందు, రెంటిని చూచినవానికి ఇది దానికి నకలే యని నిస్సందేహముగ తోచునా యని అడుగుమనెను. మంచి సూత్రమే. కాని రాగసంగీతమునందు ఆ ‘చూచినవాడు’ ఎవడు? 2025 ఏప్రిలులో ఢిల్లీ హైకోర్టున ఒక న్యాయమూర్తి డాగర్ సోదరుల ‘శివస్తుతి’కిని ‘పొన్నియిన్ సెల్వన్’ రెండవభాగమందలి పాటకును గల సాదృశ్యమును గుర్తించి మధ్యంతరపు టుత్తరువు లిచ్చెను. ఆ సెప్టెంబరులోనే ఇరువురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని రద్దు చేసెను. అక్కడి వివాదము అడాణా రాగమున గల రచనను గూర్చినది. అడాణా ఎవరి సొత్తు? అందఱిది. అడాణా పాడిన ప్రతివాడు అడాణా పాడిన ప్రతివానిని పోలుట అడాణా ధర్మము. ఉమ్మడి పొలమేదో, ఒకని కట్టుబడి ఏదో తెలిసిన చెవి అక్కడ కావలెను. రేపు ఏ కక్షిదారుడో ‘నూటికి ఎనుబది పాళ్లు సాదృశ్యము’ అని యంత్రము వ్రాసియిచ్చిన కాగితమును సాక్ష్యముగ దాఖలు చేసినయెడల, ఆ ఎనుబదిలో రాగమున కెన్ని, రచనకెన్ని యని అడుగువా రుందురా?

ఇది మొదటిసారి కాదు. చిన్నస్వామి మొదలియారుగారు 1892 ప్రాంతమున మన కీర్తనలను ఐరోపా స్వరలిపిలో ముద్రించి లోకమునకు చూపనెంచిరి. ఆశయము గొప్పది. ఆయన ప్రోత్సాహముననే సుబ్బరామ దీక్షితులు తమ వంశసంపదను వెలికి తీసిరి. కాని ఆ మహాగ్రంథము, సంగీత సంప్రదాయ ప్రదర్శిని, 1904లో ఎట్టయపురమున వెలువడినప్పుడు ఐదుగీతల ఐరోపా లిపిలో లేదు. తెలుగులిపిలో ఉన్నది, ఒక్కొక్క గమకమునకు ఒక్కొక్క గుర్తు కల్పింపబడియున్నది. ముద్రాయంత్రము పరదేశపుదే, దానిని మన పాటకు తగినట్లు వంచిరి. అదియే స్వదేశీయత యనగా. ద్రావిడదేశమున, తెలుగు అక్షరములలో, నూటయిరువది యేండ్ల క్రిందట ఈ పని జరిగినదని మన పిల్లలలో ఎందఱికి తెలియును?

హార్మోనియము కథయు గుర్తు చేసికొనవలెను. పండ్రెండు మెట్లు గట్టిగ బిగించిన పెట్టె యది. స్వరమునుండి స్వరమునకు జాఱుట దానికి చేతకాదు; ఊచుట చేతకాదు. ఆ కారణమున 1940 మార్చిలో ఆల్ ఇండియా రేడియో దానిని వెలివేసెను. రవీంద్రనాథుడు ఆ నిర్ణయమును బలపఱచెను. వింత యేమనగా, వెలి వేయించినవారిలో ముందు నిలిచి వ్రాసినవాడు జాన్ ఫోల్డ్స్ అను ఆంగ్ల సంగీతజ్ఞుడు. మన ఊరేగింపులలోను, భజనగోష్ఠులలోను, మైలవరము మొదలు సురభివఱకు మన నాటకశాలలన్నిటను ఆ పెట్టె రాజ్యమేలుచునే యున్నది. పద్యనాటకమునుండి దానిని వేఱుచేయుట మాతరము కాదు, ఆ ప్రయత్నమును మేము చేయము. కాని ఈ శాస్త్రమందు పెక్కు యంత్రములు సప్తకమును పండ్రెండు సమానమైన గళ్లుగా విభజించి, వినబడిన ప్రతి నాదమును ఏదో యొక గడిలో పడవేయుచున్నవి. దేవగాంధారి ఊపు రెండు గళ్ల నడుమ ఊగును. యంత్రము దానిని తునుకలు చేసి సగ మిటు, సగ మటు విసరును. వాకిట వెలివేసిన పెట్టె దొడ్డిదారిన లోనికి వచ్చి కూర్చుండినది! ఈమాఱు దాని మెట్లు కంటికి కనబడవు, అంతే భేదము.

ఇదంతయు విని, ‘అందులకే మేము చెప్పుచున్నాము, యంత్రమునకు మన సంగీతము అర్థము కాదు, దాని జోలి మనకెందుకు?’ అని తృప్తిగా మీసము దువ్వు పండితులున్నారు. వారితో మాకు మొదటివారితోకన్న హెచ్చు కలహము. బార్సిలోనా నగరమున షావియర్ సెర్రా అను పరిశోధకుడు ఐరోపా పరిశోధనమండలి ధనముతో 2011 నుండి 2017 వఱకు ఒక మహాప్రయత్నము నడపెను. పడమటి సంగీతమునకై చేసిన కొలబద్దలు ఇతరులకు చాలవని ఒప్పుకొని, హిందూస్థానీ, కర్ణాటక, టర్కీ, బీజింగు నాటక, అరబు-ఆందలూసియా సంగీతముల నైదింటిని వాని వాని పద్ధతులనే అనుసరించి శోధించిరి. మద్రాసు, బొంబాయి ఐ.ఐ.టి.లవారు చేయి కలిపిరి. వారికి మొట్టమొదట ఎదురైన చిక్కు ఏమో తెలియునా? ఆధారశ్రుతి. పడమట ఒక స్వరమునకు 440 కంపనములని ముందే నిర్ణయమున్నది. మన గాయకులలో ఎవరి షడ్జము వారిది. షడ్జమేదో కనుగొననిదే ఇద్దఱి తోడిని పోల్చుట కుదరదు. అందుకై తంబురా నాదమును వెదకు లెక్కలు క్రొత్తగా కట్టిరి. గమకపు వంపును వంపుగానే పట్టుకొను పద్ధతులు కనిపెట్టిరి. యంత్రమును వంచవచ్చునని దీనివలన రుజువైనది. వంచువారు కావలెను, అంతే.

ఆ అయిదింటిలో ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథ లేదు, నాజరు బుఱ్ఱకథ లేదు, ఒగ్గుకథ లేదు, జముకులకథ లేదు, పద్యనాటకములోని పద్యము లేదు. వారిని మేము నిందింపము. బార్సిలోనావారు వచ్చి మన జముకు చప్పుడును కొలిచిపెట్టవలెనని ఏ న్యాయశాస్త్రమందున్నది? పెరటిచెట్టును మనమే మందుగా ఎంచకున్న పరదేశి ఎంచునా?

ఉదాసీనతవలన కలుగు నష్ట మేమనువారికి ఒక్క సంగతి. 2004లో ఒకూట్యూరియే, పాషే అను పారిసు పరిశోధకులు రెండు విషయములు కనుగొనిరి. నాదపు రంగుచేత పోలిక పట్టు యంత్రములను ఎంత సానబెట్టినను నూటికి 65 పాళ్ల దగ్గఱ ఆగిపోవుచున్నవి. రెండవది, కొన్ని పాటలు, కారణము లేకయే, లెక్కలేనన్ని పాటలకు ‘దగ్గఱ’గా తేలుచున్నవి. ఆ పాటలు ప్రతిచోటను ప్రత్యక్షమగును. అవి అన్నిటికి చుట్టములైనప్పుడు ఎవరికిని చుట్టములు కానివియు ఉండక తప్పదు. శ్రోతల జాబితాలనుబట్టి పోలిక కట్టు పద్ధతిలో సంగతి ఇంకను కఠినము: పదిమంది వినని పాటకు పోలిక కట్టుటకు ఆధారమే లేదు, పోలిక లేని పాట పదకొండవవానికి వినబడదు. జాతరలో కథ చెప్పు కళాకారుని కుమారుడు తన తండ్రి కథను రికార్డు చేసి పెట్టినాడనుకొందము. దానిని ప్రక్కన చేర్చుటకు తగిన పాట యంత్రమునకు దొరకదు. ఆ కథ తిరస్కరింపబడదు, నిషేధింపబడదు, ఎవరును ఒక్క కఠినపు మాటైనను అనరు, వినబడదు, అంతే. దొరల నిషేధము నెదిరించి ఆనాడు బుఱ్ఱకథ చెప్పగలిగిరి. నిషేధము లేని ఈ నిశ్శబ్దమును ఎదిరించుటకు ఎవరిమీదికి పోవలెను?

శాస్త్రమునందు జాతీయత యేమిటి యని కొందఱు నవ్వుదురు. చంద్రుడు తిరుగుటకు జాతి లేదు, నిజమే. మన లెక్కప్రియులుగూడ తెలిసికొనవలసినది కలదు: డెబ్బదిరెండు మేళములను గణితముచేత అమర్చిన వేంకటమఖి మనవాడే, ఆ చక్రము అద్భుతమైనదే, కాని దానిని మాత్రమే పోలికకు ప్రమాణముగ గైకొన్న ఆరభి దేవగాంధారులు ఒక యింటనే పడును. స్వదేశపు కొలబద్దయైనను చెవిని అడుగక పెట్టినచో తప్పు తూచును. మేము కోరునది దేశపు ముద్ర కాదు, వినువానిని అడుగుట.

అడుగుట కష్టమా? మన గ్రంథాలయములలో, పఠనమందిరములలో సాయంకాలము పదిమంది చేరుచునే యున్నారు. మూడేసి పాటల తునుకలు వినిపించి, పొసగనిది ఏది యని అడుగు పద్ధతిని పడమటివారు ఆటగా మార్చి వేలకొలది తీర్పులు సంపాదించిరి. అదే మనమును చేయవచ్చును. వ్రాసికొనవలసినది తీర్పు మాత్రము కాదు. చెప్పినవారి ఊరు, వయస్సు, సంగీతము నేర్చిరా లేదా, బాల్యమున ఏమి వినిరి, ముఖ్యముగా, ఎందుచేత అట్లు చెప్పిరో వారి మాటలలోనే వ్రాయవలెను. ‘ఇది ఏడ్చుచున్నది, అది నిలదీయుచున్నది’ అని ఒక వృద్ధురాలు చెప్పిన, అట్లే వ్రాయుడు. ఏ అంకెలోనికి దింపవలెనో తరువాత విచారింపవచ్చును. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినది. నాటినుండి అక్కడ పాడినవారి, చెప్పినవారి రికార్డులలో మిగిలినవానిని పరిశోధకులకు విడుదల చేయవలెనని ప్రసారభారతిని అడుగవలెను. హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి.లో సంగీతమును మనస్సు ఎట్లు గ్రహించునో శోధించువారున్నారు. విజయనగరమున 1919 నాటి సంగీత కళాశాల యున్నది. ఒకరి లెక్క, ఒకరి చెవి. ఈ రెండు తావులకును నడుమ ఉత్తరప్రత్యుత్తరములు జరిపించుటకైనను మన అకాడమీలు పూనుకొనరాదా?

మొదటి సాయంకాలమునకు మూడు తునుకలు మేమే సూచింతుము: ఒగ్గుకథలో కథకుడు ఎత్తుకొను రాగమొకటి, బుఱ్ఱకథలోనిది ఒకటి, హరిదాసు గజ్జెకట్టి పాడినది ఒకటి. ఏది పొసగదో, ఎందుచేతనో, ఈ పత్రిక చదువు పట్టణములవారు వ్రాసి పంపుదురు గాక. ఏ ఊరివారు ఏమనిరో పేళ్లు విడిచి ప్రకటింతుము.